రౌతు ఎవరు? వాహనం ఏది?: భారతీయ గ్రంథాల్లో వాయు-అశ్వ రూపక పరిణామం

వ్యాససంగ్రహం:
గాలిని, స్వారీని జతచేసి చెప్పే రూపకం భారతీయ వాఙ్మయంలో ఋగ్వేదం నుండి హఠయోగ గ్రంథాల దాకా కనిపిస్తుంది. అయితే దాని అర్థం అన్నిచోట్లా ఒక్కటి కాదు. గాలి ఒకచోట రథికుడు, మరొకచోట మనసుకు ఉపమానం, ఇంకొకచోట మనసును మోసే వాహనం. ఈ స్థానభేదాలను పరిశీలించడం, టిబెట్ ‘గాలిగుర్రం’తో ఈ సంప్రదాయానికి గల సంబంధాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వాయువు, అశ్వం, ప్రాణం, మనసు, రథరూపకం, పంచక్రమం, హఠయోగం.

1. ప్రస్తావన
తెలుగు కథల్లో రాకుమారుడి గుర్రం ‘వాయువేగ మనోవేగాలతో’ పరుగెత్తుతుంది. గాలి, మనసు, గుర్రం అనే మూడింటినీ ఒక్క మాటలో కలిపిన ఈ నుడికారం వెనుక సుదీర్ఘమైన ఆలోచనాచరిత్ర ఉంది. అరణ్యపర్వంలోని యక్షప్రశ్నల్లో గాలికంటే వేగమైనది ఏది అన్న ప్రశ్నకు ధర్మరాజు మనసు అని సమాధానం చెబుతాడు. యోగ, తంత్ర గ్రంథాలకు వస్తే మనసు గాలికి లోబడినదని, గాలినెక్కి సంచరిస్తుందని కనిపిస్తుంది. గాలిని మించిన వేగం గల మనసుకు గాలి ఏలిక ఎట్లా అయింది? వాహనం ఎట్లా అయింది? ‘మనసు గుర్రం వంటిది’ అని స్థూలంగా వ్యాఖ్యానించి ముందుకు సాగితే ఈ ప్రశ్నే కనిపించకుండా పోతుంది.

2. ఋగ్వేదం: గాలి రథికుడు
ఋగ్వేదంలో వాయువు ‘నియుత్తులు’ అనే అశ్వాలు గల దేవత. సోమపానంలో అతనికే ప్రథమస్థానం. పదవ మండలంలోని 168వ సూక్తం వాతదేవుని రథఘోషను వర్ణిస్తూ, అతని ధ్వని వినిపిస్తుందే తప్ప రూపం కనిపించదని చెబుతుంది. ఇక్కడ గాలి వాహనం కాదు, వాహనంపై సాగే దేవత.

అదే మండలంలోని 136వ సూక్తం, అంటే కేశిసూక్తం, ఈ క్రమాన్ని కదిలిస్తుంది. ఇందులో మునులు తాము గాలులను అధిరోహించామని, మర్త్యులు తమ శరీరాలను మాత్రమే చూడగలరని అంటారు. అక్కడికి రెండు మంత్రాల తరువాత ముని ‘వాతానికి అశ్వం, వాయువుకు సఖుడు’ అవుతాడు. అంటే ఒకే సూక్తంలో ముని గాలిపై రౌతూ అయ్యాడు, గాలికి గుర్రమూ అయ్యాడు. తరువాతి కాలంలో వేరువేరు సంప్రదాయాలుగా విడివడిన రెండు భావాలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఈ కారణంగా ఈ సూక్తానికి ఈ రూపకచరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

3. ఉపనిషత్తులు, గీత: పగ్గం ఎవరి చేతిలో?
కఠోపనిషత్తులోని రథరూపకం సుప్రసిద్ధం. ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు దారులు. ఈ అమరికలో మనసు గుర్రం కాదు, గుర్రాన్ని పట్టి ఉంచే పగ్గం. గాలికి ఇందులో స్థానమే లేదు. సమస్యకు పరిష్కారం సారథి వివేకంలో ఉందని ఈ రూపకం ఆశయం.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు మనోనిగ్రహం గాలిని పట్టి ఉంచడం వలె దుష్కరమని అంటాడు. ఈ మాట అన్నవాడు రథంలో ఉన్నాడు, విన్నవాడు పగ్గాలు పట్టిన సారథి. గుర్రానికి కళ్లెం వేయవచ్చు, గాలికి వేయలేము. కఠోపనిషత్తు నమ్మిన పగ్గమే ఇక్కడ గాలి వలె జారిపోతోందన్నది అర్జునుని సంశయం. కృష్ణుడు ఆ కష్టాన్ని కాదనక, అభ్యాస వైరాగ్యాలను ఉపాయంగా చెబుతాడు.

ఈ రెండు ధోరణులకు వంతెన శ్వేతాశ్వతరోపనిషత్తు రెండవ అధ్యాయంలో ఉంది. అది ముందుగా ప్రాణాన్ని నియమించి, ఆపై దుష్టాశ్వాలు పూన్చిన వాహనాన్ని వలె మనసును నిలపాలని బోధిస్తుంది. శ్వాస, అశ్వం ఒకే సాధనాక్రమంలోకి వచ్చాయి. అయినా శ్వాసయే అశ్వమని అది ఇంకా చెప్పలేదు.

4. నలోపాఖ్యానం: వేగం ఒక విద్య
నన్నయ అరణ్యపర్వం ద్వారా తెలుగువారికి దక్కిన నలోపాఖ్యానంలో గాలివేగం తాత్త్విక ఉపమానం కాదు, అభ్యసించదగిన విద్య. బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథాన్ని ఒక్క పగటిలో విదర్భకు చేర్చాలి. సంస్కృత మూలంలో, దారిలో జారిన ఉత్తరీయం కోసం రథం ఆపమని రాజు అడిగేసరికే అది యోజన దూరం వెనుకబడి ఉంటుంది. నలుని అశ్వహృదయానికి బదులుగా ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని ఇస్తాడు. ఆ విద్య అందగానే కలి నలుని శరీరాన్ని వీడిపోతాడు. గాలివేగంతో గుర్రాలను నడపగలిగినవాడు తనలోని కలిని మాత్రం అంతదాకా వదిలించుకోలేకపోయాడు. బయటి అశ్వాలపై అదుపు లోపలి అదుపుకు హామీ కాదన్న సూచన ఈ కథలో ఉంది.

5. తంత్రం, హఠయోగం: గాలి వాహనం
గాలి స్పష్టంగా వాహనస్థానాన్ని పొందిన గ్రంథాల్లో ముఖ్యమైనది నాగార్జున కర్తృకంగా ప్రసిద్ధమైన ‘పంచక్రమం’. గుహ్యసమాజ సంప్రదాయానికి చెందిన ఈ సంస్కృత గ్రంథాన్ని లా వల్లే పూసె 1896లో ప్రచురించాడు. ఇందులో వాయువు సమస్త కర్మలనూ నిర్వహించేది, ‘విజ్ఞానవాహనం’. నాగార్జున నామం వినగానే నాగార్జునకొండను తలచుకోవడం తెలుగువారికి సహజమే. కాని ఆధునిక పరిశోధకులు ఈ తాంత్రిక నాగార్జునుణ్ణి మాధ్యమిక దార్శనికునినుండి వేరుగా పరిగణిస్తున్నారు.

టిబెట్ బౌద్ధాచార్యులు ఈ భావాన్ని ఒక దృష్టాంతంతో వివరిస్తారు. గాలి చూపులేని గుర్రం, చిత్తం కాళ్లులేని రౌతు. చిత్తానికి ఎరుక ఉంది, చలనం లేదు. గాలికి చలనం ఉంది, ఎరుక లేదు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక ప్రకృతి పురుషుల సంయోగానికి చెప్పిన పంగ్వంధన్యాయం ఇక్కడ వెంటనే స్ఫురిస్తుంది. ఈ పోలిక ఒకదానినుండి మరొకటి పుట్టిందనడానికి చాలదు గాని, పరస్పరాధారం అనే సమస్యను రెండు దర్శనాలూ ఒకే తీరున ఊహించాయని చూపుతుంది.

15వ శతాబ్దికి చెందినదిగా భావించే స్వాత్మారాముని ‘హఠప్రదీపిక’ ఇంద్రియాలకు మనసును, మనసుకు వాయువును నాథునిగా నిలుపుతుంది. సింహాన్ని, ఏనుగును, పులిని మచ్చిక చేసినట్లు వాయువును మెల్లమెల్లగా వశం చేసుకోవాలని, తొందరపడితే అది సాధకునికే ప్రాణాంతకమని హెచ్చరిస్తుంది. నాదానుసంధాన ప్రకరణంలో మనసును గుర్రంగానూ, నాదాన్ని దాన్ని బయటికి పోనీయని గడియగానూ చూపుతుంది. కఠోపనిషత్తులో పైనుండి కిందికి పగ్గం పట్టి సాగిన అధికారక్రమం ఇక్కడ కిందినుండి పైకి తిరిగింది. మనసుతో నేరుగా పెనుగులాడక, దానిని నడిపే గాలిని మచ్చిక చేయడమే ఉపాయమైంది. మనసు గాలికంటే వేగమైనదైనా దాని వేగం గాలి నుండే వస్తుందని అంగీకరిస్తే ప్రస్తావనలోని వైరుధ్యం సమసిపోతుంది.

6. టిబెట్ జెండాపై గాలిగుర్రం
టిబెట్ ప్రార్థనాపతాకాలపై రత్నాన్ని మోసే గుర్రం మధ్యలో, పులి, సింహం, గరుడుడు, డ్రాగన్ నాలుగు మూలల్లో కనిపిస్తాయి. దీన్ని ‘లుంగ్‌తా’, అంటే గాలిగుర్రం అంటారు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో బోధించాడన్నది ఆ సంప్రదాయ విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్షను నిర్వహించడానికి ఆ విశ్వాసమే నేపథ్యం. ఈ అనుబంధం కారణంగా జెండాపై గుర్రాన్ని కూడా ‘విజ్ఞానవాహన’ భావానికి చిత్రరూపంగా భావించాలని అనిపించడం సహజం.

అయితే సామ్తెన్ కర్మాయ్ పరిశోధన ఈ ఊహకు అడ్డుపడుతుంది. ప్రాచీన టిబెట్ గ్రంథాల్లో ఈ పదం ‘నది-గుర్రం’ అనే అర్థమిచ్చే వర్ణక్రమంతో ఉందని, ‘గాలి-గుర్రం’ అనే రూపం తరువాత స్థిరపడిందని ఆయన చూపాడు. మనిషి అదృష్టానికి, క్షేమానికి సంబంధించిన స్వదేశీ భావన దాని మూలం. కాబట్టి ఒకే పేరు కింద రెండు పాయలు కలిశాయనడం సమంజసం. తంత్రంలోని గాలి శరీరంలో చరించేది, పతాకంపై గుర్రం భాగ్యాన్ని మోసేది.

7. ముగింపు
పై పరిశీలనవల్ల ఈ రూపకం ఒకే అర్థంతో స్థిరంగా లేదని స్పష్టమవుతుంది. ప్రతి గ్రంథం విషయంలోనూ రౌతు ఎవరు, వాహనం ఏది, పగ్గం ఎవరి చేతిలో ఉంది అని విడివిడిగా అడగవలసి ఉంటుంది. కఠోపనిషత్తు బుద్ధిని నమ్మింది, గీత అభ్యాసాన్ని ఆశ్రయించింది, హఠయోగం శ్వాసను పట్టుకుంది. ఇవి ఒకే మాటకు పర్యాయాలు కావు. మనిషి తనను తాను ఎట్లా నడుపుకోగలడన్న ప్రశ్నకు వేరువేరు సమాధానాలు. తరగతిలో వీటన్నింటినీ ‘మనోనిగ్రహం’ అనే ఒక్క పదం కింద చేర్చి బోధిస్తే పోలిక మిగులుతుంది గాని చరిత్ర మిగలదు.