రెండో ఊరి నుంచి మూడో ఊరికి టికెట్టు

ఐదు రోజుల సెలవు, నాలుగు ఊళ్ళు, మనిషి ఒక్కడే (లేదా ఒక్కతే). మన సాఫ్టువేరు జనాలకి బాగా అలవాటైపోయిన ప్రయాణం ఇది. ఎక్సెల్ షీటు తెరిచి, ఒక వరసలో ఊళ్ళు, పక్క వరసలో రైళ్ళు, ఇంకో వరసలో హోటళ్ళు రాసుకుంటాం. గమనించారో లేదో, ఈ ప్లానింగులో మొదటి ఊరు ఎప్పుడూ సమస్య కాదు. చివరి ఊరి నుంచి ఇంటికి కూడా ఎలాగోలా వచ్చి పడతాం. పేచీ అంతా మధ్యలోనే. రెండో ఊళ్ళో రాత్రి ఎక్కడ పడుకోవాలి, అక్కణ్ణుంచి మూడో ఊరికి సీటు ఉందా లేదా... మనం ఇంకా అడుగే పెట్టని ఊళ్ళో, మన మొహం ఎప్పుడూ చూడని మనిషి, మనం వస్తామని నమ్మి ఒక మంచమూ ఒక సీటూ అట్టే పెట్టాలి. దీనికి నేను పెట్టుకున్న పేరు "రెండో ఊరి సమస్య". కొత్తదేం కాదు, చాలా పాతది. ఎవరు ఎలా పరిష్కరించుకున్నారో చూస్తే భలే ఆసక్తిగా ఉంటుంది.

మన తెలుగులో దీనికి మొదటి మంచి కేస్ స్టడీ ఏనుగుల వీరాస్వామయ్య గారిది. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు ఆయన. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరారు. పదిహేనున్నర నెలలు. కూడా ఉన్న పరివారం దాదాపు వందమంది! పల్లకీ మోసే బోయీలు, సామాన్లు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, కాపలా వాళ్ళు, గుడారాలు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న రోజులవి.

ఆయన దినచర్య 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయింది. భక్తి పుస్తకం అనుకుని తెరిస్తే ఆశ్చర్యపోతారు. ప్రతి మజిలీకీ దూరం ఎంత, దారి ఎలా ఉంది, ఊళ్ళో అంగళ్ళున్నాయా, దిగడానికి వసతుందా... ఇలా సాగుతుంది. నా దృష్టిలో అది తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం రాసిపెట్టిన డాక్యుమెంటేషన్. ఎందుకంటే ఆ రోజుల్లో తరవాతి ఊళ్ళో ఏముందో ముందుగా తెలుసుకునే మార్గం లేదు. అందుకే ఊరికి కావల్సినదంతా ఆయన తనతోనే మోయించుకుపోయారు. పడకా, వంటా, కాపలా అన్నీ వెంటే. రెండో ఊరి సమస్యకి మొదటి పరిష్కారం ఇదన్నమాట, ఊరినే వెంటేసుకుపోవడం. డబ్బూ హోదా ఉన్నవాళ్ళకే చెల్లుతుంది. లేనివాళ్ళు గుంపులో కలిసేవాళ్ళు. ఒంటరిగా వెళ్ళేవాడు సన్యాసి అయినా అయ్యుండాలి, ఇల్లు వదిలి పారిపోతున్నవాడైనా అయ్యుండాలి.

ఆయన తిరిగొచ్చిన ఎనిమిదేళ్ళకి, 1839లో, ఇంగ్లండులో జార్జ్ బ్రాడ్‌షా అనే ఆయన రైళ్ళ టైం టేబుల్ పుస్తకం వేశాడు. వినడానికి చిన్న విషయమే. కానీ రెండో ఊళ్ళో రైలు ఎన్నింటికి కదులుతుందో మొదటి ఊళ్ళో కుర్చీలో కూర్చుని తెలుసుకోవడం అంతకుముందు ఉందా? ఇంకో రెండేళ్ళకి, 1841 జూలై 5న, థామస్ కుక్ లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి సుమారు 500 మందిని తలకో షిల్లింగు చొప్పున రైల్లో తీసుకెళ్ళాడు. మద్యపాన వ్యతిరేక సభకి. ప్రపంచ టూరిజం చరిత్రంతా తాగొద్దని చెప్పే మీటింగుతో మొదలైందంటే, ఇప్పటి గోవా ప్యాకేజీలు చూసేవాళ్ళు నమ్మరు :)

కుక్ అనగానే గుంపుని వెంటేసుకుని, తలలు లెక్కపెట్టుకుంటూ తిరిగే టూరు మేనేజరే గుర్తొస్తాడు. నన్నడిగితే ఆయన చేసిన అసలు పెద్ద పని అది కాదు, 1868లో ప్రవేశపెట్టిన హోటల్ కూపను. లండనులో డబ్బు కట్టి కూపన్లు కొనుక్కుంటే, యూరపులో ఒప్పందం ఉన్న హోటల్లో డబ్బు బదులు కూపను ఇస్తే సరిపోతుంది. హోటలు వాడు ఆ కాగితం పంపి కుక్ దగ్గర డబ్బు తీసుకుంటాడు. 1874లో సర్కులర్ నోట్లు, అంటే ట్రావెలర్స్ చెక్కుల తాతలు. 1873లో యూరపు మొత్తానికి ఒకే టైం టేబుల్ పుస్తకం. ఇక గైడు అక్కర్లేదు, గుంపు అక్కర్లేదు. మిమ్మల్ని హోటలు వాడు నమ్మక్కర్లేదు, కుక్‌ని నమ్మితే చాలు. వీరాస్వామయ్య గారి వందమందీ జేబులో పట్టే కాగితాలైపోయారు. ఆ రోజుల్లో ఇంట్లోంచి ఒంటరిగా కదలడమే కష్టమైన ఎంతోమంది ఆడవాళ్ళు కుక్ టూర్లలో వెళ్ళడానికి కారణం కూడా ఆ నమ్మకమే.

ఆ ఏర్పాట్లన్నీ వచ్చాక కూడా ఒక్కతే ఆడమనిషి వెళ్తానంటే ఏమయ్యిందో నెల్లీ బ్లై చెప్తుంది. న్యూయార్క్ "వరల్డ్" పత్రికలో రిపోర్టరు. భూమిని చుట్టి వస్తానంటే, ఇది మగవాళ్ళు చేసే పని, నీకైతే తోడు కావాలి, డజను పెట్టెలు కావాలి అని ఆఫీసులో మొదట కొట్టిపారేశారు. చివరికి 1889 నవంబరు 14న ఒక్క చేతి సంచీతో బయల్దేరి 1890 జనవరి 25కి, అంటే 72 రోజుల్లో, తిరిగొచ్చింది. ఆవిడ ప్రయాణం చదివితే ధైర్యం కన్నా నాకు బాగా గుర్తుండిపోయింది కనెక్షన్ల గోల. కొలంబోకి ముందే చేరిపోయి, తరవాతి ఓడ కోసం అక్కడ ఐదు రోజులు పడిగాపులు. ఎంత వేగంగా వచ్చినా లాభం లేదు, రెండో ఓడ కదిలితేనే ప్రయాణం.

ఇక మన దగ్గరికొస్తే, దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. 1871లో మద్రాసు, బొంబాయి లైన్లు రాయచూరు దగ్గర కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి లైను పడింది. అంటే వీరాస్వామయ్య గారు తిరిగొచ్చిన నలభై మూడేళ్ళకే హైదరాబాదువాళ్ళు అటు మద్రాసుకీ ఇటు బొంబాయికీ రైల్లో పోగలిగారు. పట్టాలు కలిశాయి గానీ రిజర్వేషన్ పుస్తకాలు ఇంకో వందేళ్ళ పైన కలవలేదు!

నలభై దాటినవాళ్ళని అడగండి, చెప్తారు. ఆ రోజుల్లో ఒక్కో రైలుకీ, ఒక్కో తారీఖుకీ పెద్ద రిజిస్టరు. ఆ రిజిస్టరు రైలు బయల్దేరే ఊళ్ళో ఉంటుంది. మీరు హైదరాబాదులో ఉండి మధ్యలో ఇంకో ఊరి నుంచి సీటు కావాలంటే, ఇక్కడి వాళ్ళు అక్కడికి టెలిగ్రాం కొడతారు. జవాబు రావచ్చు, రాకపోవచ్చు. మన భాషలో చెప్పాలంటే అక్‌నాలెడ్జ్‌మెంట్ లేని మెసేజ్ క్యూ. అందుకే ఎవరైనా రెండో ఊళ్ళో దిగగానే స్నానం, కాఫీ కన్నా ముందు చేసే పని రిజర్వేషన్ కౌంటరు దగ్గర లైన్లో నిలబడటం. కుటుంబంతో వెళ్తే పెద్దాయన లైన్లో, పిల్లలు సామాన్ల మీద. ఒంటరిగా వెళ్తే సామాను ఎవరు చూస్తారు? సగం సెలవు లైన్లోనే పోయేది.

విమానాలవాళ్ళు దీన్ని ముందే పరిష్కరించారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి 1960ల మొదట్లో సేబర్ నిలబెట్టాయి. దాంతో ప్రయాణీకుడి వివరాలు, ఎక్కే విమానాలు అన్నీ ఒకే రికార్డులోకి వచ్చాయి. మనం రోజూ అనే పీఎన్ఆర్ ఆ వంశానిదే, ప్యాసింజర్ నేమ్ రికార్డు. మన రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1986లో ఢిల్లీలో మొదలైంది, సీఎంసీ రాసిన ఇంప్రెస్ అనే సాఫ్టువేరుతో. తరవాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు. ఐదు కేంద్రాలు, ఐదు డేటాబేసులు, దేనికదే ద్వీపం. ప్రత్యేకంగా కలిపిన టెర్మినల్ ఉంటే తప్ప ఇక్కడి కౌంటరు నుంచి అక్కడి రైల్లో సీటు తియ్యలేరు. అంటే రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చినా రెండో ఊరి సమస్య అలాగే ఉంది.

దాన్ని తీర్చింది రైల్వేవారి సొంత సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్. మొట్టమొదట దాన్ని నడిపింది మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్‌కి ఐదు కేంద్రాలూ కలిశాయి. ఏ కౌంటరు నుంచైనా, ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకైనా సీటు. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు గానీ, నా లెక్కలో అసలు విప్లవం 1999దే. వెబ్‌సైటు దాని మీద వేసిన ముసుగు మాత్రమే. మనూళ్ళో జరిగిన ఈ పని గురించి మన ఐటీవాళ్ళలో ఎంతమందికి తెలుసు? సిలికాన్ వాలీ గరాజుల కథలైతే కంఠతా వచ్చు.

ఇంతా అయ్యాక ఒంటరి ప్రయాణీకుడికి దారి సుగమం అయ్యిందా అంటే, సీటు వరకూ అయ్యింది. మంచం దగ్గర ఇంకా పేచీ ఉంది. చాలా సత్రాల్లో ఇప్పటికీ ఒక్కరికి గది ఇవ్వరు. ఒక పుణ్యక్షేత్రంలో ఒక లాడ్జి గుమాస్తా నన్ను పైనుంచి కిందిదాకా చూసి "ఒక్కరేనా? రూములు లేవండి" అన్నాడు. వెనకాలే వచ్చిన దంపతులకి అదే నిమిషంలో తాళం చెవి ఇచ్చాడు. ఒంటరిగా దిగినవాళ్ళు గదిలో ప్రాణాలు తీసుకుంటే పోలీసు కేసులు మెడకి చుట్టుకుంటాయని లాడ్జీలవాళ్ళ భయం, అది అర్థం చేసుకోగలను. అదే చోట ఒక అమ్మాయి రాత్రి పదింటికి దిగితే? ఆమెకి ఆ జవాబు అవమానం దగ్గర ఆగదు, ఆ రాత్రి ఎక్కడ గడపాలన్న ప్రశ్న. హోటల్ సైట్లు కూడా తక్కువ తినలేదు. తెరవగానే "ఇద్దరు పెద్దలు" అని ఉంటుంది. టూరు ప్యాకేజీల ధర ఇద్దరు ఒక గది పంచుకుంటారనే లెక్క మీద వేస్తారు, ఒక్కరైతే అదనం. ఎవరో ఎప్పుడో పెట్టిన డిఫాల్ట్ విలువ. మనలాంటివాడే పెట్టుంటాడు.

రెండో విషయం నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. కూపను రోజుల్లో ముక్కల్ని కలిపే బాధ్యత ఒకరిది. ఆ ఒక్కరు మునిగితే అందరూ మునుగుతారు, 2019 సెప్టెంబరు 23న థామస్ కుక్ కంపెనీ మూతపడ్డప్పుడు అదే జరిగింది. బ్రిటనుకి చెందినవాళ్ళే లక్షన్నర మంది విదేశాల్లో ఉండిపోతే ప్రభుత్వం విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. ఇప్పుడు మనం రైలు ఒక యాప్‌లో, బస్సు ఇంకో యాప్‌లో, గది మూడో దాంట్లో కొంటాం. చవగ్గా వస్తుంది, స్వేచ్ఛగా ఉంటుంది. కానీ మొదటి రైలు నాలుగ్గంటలు ఆలస్యమైతే బస్సువాడికి సంబంధం లేదు, హోటలువాడికి అసలే లేదు. ముక్కల్ని కలిపినవాడు మీరే కాబట్టి నష్టమూ మీదే. గుంపులో ఉంటే తలా కొంచెం పంచుకుంటారు, ఒంటరివాడు మొత్తం మోస్తాడు.

అందుకే రెండు పాత తరహా సదుపాయాలు చెప్పాలనిపించింది. ఒకటి, సర్కులర్ జర్నీ టికెట్. బయల్దేరిన స్టేషనుకే తిరిగొచ్చేలా ఒకే టికెట్టు, మధ్యలో ఎనిమిది చోట్ల దిగొచ్చు. మొత్తం దూరాన్ని సగం చేసి, రెండు సింగిల్ ప్రయాణాలుగా లెక్కేస్తారు. దూరం పెరిగేకొద్దీ రైలు ఛార్జీ కిలోమీటరుకి తగ్గుతుంది కాబట్టి ముక్కలుగా కొన్నదానికన్నా కలిసొస్తుంది. మీ సొంత దారికి కావాలంటే రైల్వే డివిజనల్ కమర్షియల్ అధికారికి అర్జీ పెట్టుకోవాలి, బెర్తులు ఒక్కో రైలుకీ విడిగా రిజర్వు చేయించుకోవాలి. సరదాకి వీరాస్వామయ్య గారి దారి లెక్కేశాను. చెన్నైలో ఎక్కి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, విశాఖపట్నం, మళ్ళీ చెన్నై. మధ్యలో దిగేవి సరిగ్గా ఎనిమిది!

రెండోది, 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు రైళ్ళ పీఎన్ఆర్‌లని కలిపే వీలుంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండోదాని డబ్బు క్యాన్సిలేషన్ కోత లేకుండా తిరిగిస్తారు. రెండు టికెట్లలోనూ మీ పేరు, వివరాలు ఒకేలా ఉండాలి, మధ్యలో మారే స్టేషను కూడా కలవాలి. వచ్చే లాంగ్ వీకెండుకి ఎక్సెల్ షీటు తెరిచినప్పుడు మీ రెండో వరస, మూడో వరస కలుస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.