ఉల్లికోడు – వరి రకాలు: జగిత్యాల ప్రాంత చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

వరిని ఆశించే పురుగుల్లో ఉల్లికోడుకు ఆ పేరు రైతు కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి వచ్చింది. పురుగు సోకిన పిలక వెన్ను వేయదు. ఉల్లికాడను పోలిన తెల్లని గొట్టంగా మారుతుంది. వుడ్-మేసన్ 1889లో ఈ కీటకాన్ని శాస్త్రీయంగా నామకరణం చేశాడు. నేడు దాని పేరు ఒర్సియోలియా ఒరైజే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగాలు. ఈ ప్రాంత వరి సాగు చరిత్రలో రకం ఎంపికకు, పురుగు ఎదుగుదలకు మధ్యగల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పురుగు ఎదుగుదల – రకం పాత్ర:

గుడ్డు నుంచి వెలువడిన పిల్లపురుగు ఆకు తొడుగుల మధ్యగా పాకి మొవ్వులోని అంకురాన్ని చేరుతుంది. అక్కడ అది తింటూ పెరుగుతుంటే చుట్టూ గొట్టం ఏర్పడుతుంది. నిరోధక రకంలోనూ పురుగు మొవ్వును చేరుతుంది. అయితే ఎదగలేక తొలిదశలోనే మరణిస్తుంది. అంటే భేదం ప్రవేశంలో లేదు, ఎదుగుదలలో ఉంది. 1951లో ఆర్.హెచ్. పెయింటర్ తన గ్రంథంలో మొక్కల నిరోధకతను మూడు విధాలుగా వివరించాడు. కీటకానికి నచ్చకపోవడం ఒకటి, దాని జీవక్రియకు హాని కలగడం రెండవది, నష్టాన్ని మొక్క ఓర్చుకోవడం మూడవది. ఉల్లికోడు నిరోధకత ప్రధానంగా రెండవ కోవకు చెందుతుంది.

3. నిరోధక రకాల ఆవిర్భావం:

ఓరుగల్లు పరిశోధన స్థానంలో ఎంటీయూ 15, ఈశ్వరకోర రకాల సంకరణం నుంచి డబ్ల్యు 1263 రూపొందింది. దీనిలోని నిరోధక జన్యువు జీఎం-1. ఐఆర్ 8, సయాం 29 రకాల సంకరణం నుంచి వచ్చిన ఫల్గుణలో ఉన్నది జీఎం-2. ఈ రెండూ పురుగును చంపేవే అయినా, చంపే తీరు వేరు. ఫల్గుణలో పురుగు చుట్టూ ఉన్న కణజాలం కూడా మాడిపోతుంది. డబ్ల్యు 1263లో అలా జరగదు.

జగిత్యాల ప్రాంతపు ఉల్లికోడును మూడవ జీవరూపంగా గుర్తించారు. దానిని డబ్ల్యు 1263 తట్టుకుంటుంది, ఫల్గుణ తట్టుకోలేదు. శ్రీకాకుళం ప్రాంతపు నాలుగవ జీవరూపానికి ఈ రెండు రకాలూ లొంగిపోయాయి. జగిత్యాలకు సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఓరుగల్లులో కనిపించిన మరో జీవరూపం జీఎం-1, జీఎం-2లతోపాటు మరికొన్ని జన్యువులను కూడా అధిగమించింది. ఒక ఊళ్లో నిలిచిన రకం మరో ఊళ్లో నిలుస్తుందన్న భరోసా లేదని ఈ భేదం తెలుపుతుంది.

4. పొలాస పరిశోధనలు:

1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి సన్నబియ్యంగా ప్రజాదరణ పొందింది. కానీ దాని పంటకాలం సుమారు 150 రోజులు. ఉల్లికోడును తట్టుకునే శక్తి దానికి లేదు. వానలు ఆలస్యమై నాట్లు వెనుకబడిన ఏడాది, మబ్బుపట్టిన తేమ వాతావరణంలో, దీని బెడద మరింత పెరుగుతుంది. సన్నగింజకు మార్కెట్లో విలువ ఉన్నందున రైతు దానిని వదులుకోలేడు, పురుగునూ భరించలేడు. ఈ సంకటానికి పరిష్కారం జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో లభించింది. సాంబ మసూరిని ఓరుగల్లు నిరోధక రకమైన కావ్యతో సంకరం చేసి జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ రకాలను రూపొందించారు. జగిత్యాల సన్నాలు పంటకాలం దాదాపు 120–125 రోజులు. గింజ నాణ్యత ఒక తల్లి నుంచి, ఉల్లికోడును తట్టుకునే గుణం మరో తల్లి నుంచి వచ్చాయి. ఆ స్థానం ఉత్తర తెలంగాణ మండలానికి సేవలందిస్తున్నందున, కోరుట్ల, సిరిసిల్ల రైతులకు కూడా ఈ పరిశోధనలు ఉద్దేశించినవే.

5. ముగింపు:

నిరోధకత కేవలం మొక్క గుణం కాదు. స్థానిక కీటక సమూహంతో దానికుండే సంబంధం. ఒకే జన్యువుగల రకాన్ని విస్తారంగా, ఏళ్ల తరబడి సాగుచేస్తే, దానిపై బతకగల పురుగులే మిగిలి వృద్ధి చెందుతాయి. ఓరుగల్లు అనుభవం జగిత్యాల ప్రాంతానికి ముందస్తు హెచ్చరిక. కాబట్టి పాత నాటురకాల సేకరణ, ప్రాంతాలవారీ జీవరూపాల పరిశీలన, భిన్న జన్యువులను ఒకే రకంలోకి చేర్చే కృషి నిరంతరం సాగాలి. రైతు విత్తనం ఎంచుకునేటప్పుడు గింజ ధరతోపాటు తన మడిలోని పురుగును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుందని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.