కన్నీటి తిత్తి శోథ

కంటి లోపలి మూలకూ ముక్కుకూ నడుమ ఉండే చిన్న తిత్తికి బాక్టీరియా సోకి చీము పట్టడమే కన్నీటి తిత్తి శోథ. వైద్యులు దీన్ని డాక్రియోసిస్టైటిస్ అంటారు. కన్నీరు ఈ తిత్తిలోంచి సన్నని నాళం గుండా ముక్కులోకి దిగుతుంది. నాళం మూసుకుపోతే నీరు నిలిచి, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కంటి సంధుల్లో పుట్టే తొమ్మిది రోగాలు చెబుతూ పూయాలసం, పూయాస్రావం అనే రెండింటిని పేర్కొంది. వాటి లక్షణాలు ఈ జబ్బుకు చాలా దగ్గర. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ కంటి మూలనున్న పుండును ఎముక దాకా కాల్చమన్నాడు. అసలు దోషం నాళంలో ఉందన్న ఎరుక స్థిరపడింది 18వ శతాబ్దంలోనే. ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ అనెల్ సన్నని శలాకతో దారి తెరిచి, సిరంజితో నీరు ఎక్కించే పద్ధతిని 1713లో ప్రకటించాడు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు మన కంటి ఆసుపత్రుల్లో చేసే సిరంజింగ్‌కు మూలం అదే. తిత్తిలో చీము ఉండగా కన్ను కోస్తే ఇన్ఫెక్షన్ లోపలికి పాకి చూపే పోవచ్చు; అందుకే ఈ పరీక్షకు అంత విలువ. 1904లో ఇటలీకి చెందిన అడియో టోటి తిత్తి నుంచి ముక్కులోకి ఎముక గుండా కొత్త దారి చేశాడు. అదే నేటి డీసీఆర్ (డాక్రియోసిస్టోరైనోస్టమీ) శస్త్రచికిత్సకు పునాది.

చీములో ఏముందో 19వ శతాబ్దం చివర్లో తెలిసింది. న్యుమోకాకస్ అనే బాక్టీరియా అంటే అప్పట్లో అందరికీ భయం: తిత్తి నుంచి కంట్లోకి చేరితే, చిన్న గీత పడ్డ నల్లగుడ్డు కూడా పుండై చెడిపోయేది. స్టెఫిలోకాకస్ ఆరియస్, హీమోఫిలస్, స్యూడోమోనాస్ కూడా దీనికి కారకాలే. 1930లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో వైద్యుడు సెసిల్ పైన్ ముడి పెన్సిలిన్‌తో పసిపాప కంటి గనేరియాను నయం చేశాడు. గని ప్రమాదంలో గాయపడిన కంటికి న్యుమోకాకస్ సోకిన ఒకరికీ అదే మందు పనిచేసింది. కానీ పెన్సిలిన్ రోగులకు విరివిగా అందింది 1940లలోనే. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్‌ను బ్రిటన్‌లో 1961లో గుర్తించారు. అందువల్ల మొండి కేసుల్లో చీమును కల్చర్‌కు పంపి మందు ఎంచుకోవడం తప్పనిసరి అయింది.

తిత్తి వాచి ఎర్రబడ్డప్పుడు చుక్కల మందు ఒక్కటే చాలదు; మూసుకున్న చోటికి అది సరిగా చేరదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫలెక్సిన్ వంటివి నోటి ద్వారా ఇస్తారు, వేడి కాపడం పెట్టిస్తారు. జ్వరం, కనుగుడ్డు చుట్టూ వాపు ఉంటే నరం ద్వారా మందు ఎక్కిస్తారు. వాపు తగ్గేదాకా శలాక పెట్టకూడదు. మందుతో చీము తగ్గినా నాళం తెరుచుకోదు. ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ పోతే చీము మళ్లీ పడుతుంది.

పసిపిల్లల దారి వేరు. నాళం చివర పొర తెరుచుకోక కంట్లో నీరు, పుసి కారే బిడ్డల్లో అత్యధికులకు ఏడాదిలోపే తగ్గిపోతుంది. 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు సూచించినట్టు తిత్తి మీద వేలితో కిందికి నొక్కుతూ మర్దన చేయడమే మొదటి వైద్యం. పుసి పచ్చగా చిక్కబడితే యాంటీబయాటిక్ చుక్కలు, అప్పటికీ తగ్గకపోతే ఏడాది దాటాక శలాక.