పైపు తెగితే... సర్వర్ పడిపోతే?

ఇనుప గోడలు. కిటికీ లేదు. తల మీద బారులు తీరిన పైపులు. క్షిపణి తగిలి వాటిలో ఒకటి తెగిందనుకోండి. ఒక పక్క నీళ్లు చిమ్ముతాయి. ఇంకో పక్క పొగ కమ్ముకొస్తుంది. ఏ వాల్వు మూయాలి? ఏది తెరవాలి? నావికుడు కంప్యూటర్ వైపు తిరుగుతాడు. తెర మీద చిన్న పెట్టె తేలుతుంది: డేటాబేస్ సర్వర్ అందడం లేదు.

2000వ సంవత్సరం. అమెరికా నౌకాదళపు యుద్ధనౌక ఆస్కార్ ఆస్టిన్. సరిగ్గా అలాంటి ఘడియ కోసమే ఒక ప్రోగ్రాం తయారవుతోంది. తెగిన చోటు తప్పించి నీళ్లను వేరే దారి పట్టించాలంటే ఏ వాల్వులు మూయాలో, ఏవి తెరవాలో అది చెప్పాలి. రాస్తున్నవాళ్లలో ఒకడు రిచర్డ్ హిప్. జనరల్ డైనమిక్స్ కంపెనీ పని. వెనకాల ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్. నడిచినంతసేపూ బాగానే నడిచేది. కానీ అప్పుడప్పుడూ సర్వర్ పడిపోయేది. పెట్టె తేలేది. ఆ పెట్టె చూపించేది వీళ్ల ప్రోగ్రామే. అందుకే తిట్లూ వీళ్లకే. సర్వర్‌ని లేపడం మాత్రం వీళ్ల చేతిలో లేదు.

హిప్ బుర్రను ఒక ప్రశ్న తొలిచేసింది. వాల్వుల వివరాలు డిస్కులోనే ఉన్నాయి. మొదట్లో ఓసారి చదువుకుంటే చాలు. మధ్యలో ఈ సర్వర్ దేనికి?

ఒరాకిల్, ఇన్‌ఫార్మిక్స్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్. అప్పట్లో ఏది ఎంచుకున్నా సర్వర్ మేలుకునే ఉండాలి. దాన్ని కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాలి. వీటిలో వేటిని సపోర్ట్ చెయ్యాలా అని ప్రాజెక్టులు తర్జనభర్జన పడేవి. హిప్ మాత్రం అసలు సర్వరే లేకపోతే ఏమవుతుందని ఆలోచించాడు. ఇంతలో కాంట్రాక్టు ఆగిపోయింది.

కొన్ని నెలలు పని లేదు. ఎస్‌క్యూఎల్‌లో అడిగిన ప్రశ్నను ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల్ని చిన్న చిన్న ఆదేశాలుగా మార్చి, వాటిని వరసగా నడిపి జవాబు తెచ్చిచ్చే ఇంజన్‌ను, కాపలా మనిషి అక్కర్లేకుండా, సర్వర్ ఊసే లేకుండా, ప్రోగ్రాం కడుపులోనే ఇమిడిపోయేలా సీ భాషలో రాసుకుంటూ పోయాడు. 2000 ఆగస్టులో అది బయటికొచ్చింది. పేరు ఎస్‌క్యూలైట్. కానీ డేటా దాచుకోడానికి ఇంకా పరాయి లైబ్రరీ మీదే ఆనుకుని ఉంది.

2001లో ఆ ఊతకర్ర కూడా వదిలేశాడు. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు. హక్కులన్నీ వదులుకున్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, అడగక్కర్లేదు.

ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లో, ప్రతి ఐఫోన్‌లో అది ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఉంది. మీ వాట్సాప్ కబుర్లు ఫోన్లో దాచేదీ అదే.

అన్నిటికీ అదే మందు కాదు. వందలమంది ఒకేసారి రాసే చోట సర్వర్ కావాల్సిందే. ఆ మాట దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. అందుకే, మీ ప్రాజెక్టు ఏ డేటాబేస్‌లను సపోర్ట్ చెయ్యాలో రాసుకునే ముందు ఇంకో కాగితం తియ్యండి. మీ ప్రోగ్రాం ఎక్కడ నడుస్తుందో, అది పడిపోయిన రోజు దాన్ని లేపడానికి పక్కన ఎవరుంటారో రాయండి. డేటాబేస్ పేర్లు ఆ తర్వాతే.