రెండు ఓడల గొడవ

మా బ్యాచ్ వాళ్లం ఎక్కడ కలిసినా ఒక వాదన తప్పదు. ఎనిమిదో తరగతిలో, సినిమా హాలు పక్కన వీడియో గేమ్ పార్లర్‌లో, రూపాయి బిళ్ల వేసి ఆడిన ఆ ‘స్పేస్ గేమ్’ అసలు పేరేమిటి? పెట్టె మీద పేరు అప్పటికే చెరిగిపోయింది. ఒకడు స్పేస్ ఇన్వేడర్స్ అంటాడు, ఇంకొకడు ఆస్టరాయిడ్స్ అంటాడు. ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక, ఆ సంగతే తేల్చుదామని కూర్చున్నాను.

స్పేస్ ఇన్వేడర్స్‌ను 1978లో జపాన్‌లోని టైటో కంపెనీ కోసం తొమోహిరో నిషికాదో తయారుచేశాడు. అందులో 5 వరుసల్లో 55 శత్రువులు ఉంటాయి. అన్నీ కలిసి పక్కకు జరుగుతాయి, అంచు తగలగానే ఒక మెట్టు దిగుతాయి. ఏదీ వరుస విడిచి రాదు. తొలి యంత్రాల తెర నలుపు తెలుపే. దాని మీద రంగు సెలోఫేన్ పట్టీలు అతికించేవారు. శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరిగేది కదా, అది ముందు అనుకుని పెట్టింది కాదు. లోపలి ఇంటెల్ 8080కి అన్నిటినీ జరపడం భారం. చచ్చేకొద్దీ పని తగ్గి మిగిలినవి పరుగెత్తేవి. నిషికాదో అది గమనించి అలాగే ఉంచేశాడు. మా ఆఫీసులో అయితే దాన్ని లోపమని రాసి సరిచేయించేవాళ్లు!

1979 నాటి అటారీ ఆస్టరాయిడ్స్‌ను తీసేయడం తేలిక. అందులో బొమ్మలన్నీ నల్లటి తెర మీద మెరిసే గీతలే, రంగులు లేవు. పెద్ద రాయి పగిలి చిన్న రాళ్లవుతుంది. మేము రాళ్లు పగలగొట్టలేదు.

మా ఆటలో శత్రువులు రంగురంగుల్లో ఉండేవి, వరుస విడిచి మెలికలు తిరుగుతూ మీదికి దూకేవి. అంటే నామ్కో వారి గెలాక్సియన్ (1979) కావాలి, లేదా దాని తర్వాత వచ్చిన గెలాగా (1981) కావాలి. గెలాక్సియన్‌లో శత్రువులు మొదటి నుంచీ బారులు తీరి ఉంటాయి, ఒక గుండు తగిలేదాకో తెర దాటేదాకో ఇంకోటి పేలదు. గెలాగాలో అవి గుంపులుగా సుడులు తిరుగుతూ వచ్చి వరుసలో నిలబడతాయి. నాకు ఆ సుడులు గుర్తున్నాయి గానీ, అది చాలదు.

ఇక్కడే మా వెనక బెంచీ మిత్రుడి సంగతి చెప్పాలి. ఒకరోజు పరుగెత్తుకొచ్చి, “ఒరేయ్, నాకు రెండు ఓడలొచ్చాయిరా! పక్కపక్కనే! రెండూ కలిసి కొట్టాయి!” అన్నాడు. ఎవరం నమ్మలేదు. “కోతలు కొయ్యకు” అన్నాం. పదో తరగతి అయ్యేదాకా వాడు మాకు కోతల రాయుడే.

గెలాగాలో పై వరుసలోని నాయక శత్రువు కిందికి వచ్చి ఒక కాంతి వల వేస్తుంది. దానిలో చిక్కితే మన ఓడ ఎర్రగా మారి దాని వెంట పోతుంది. మిగిలిన ఓడతో ఆడుతూ, ఆ నాయకుడు బందీతో కిందికి దూకినప్పుడు గురి చూసి కొడితే, పోయిన ఓడ తిరిగొచ్చి పక్కన చేరుతుంది. రెండూ కలిసి కాలుస్తాయి. మేమంతా వల కనిపిస్తే పారిపోయేవాళ్లం. ఉన్న రూపాయికి వచ్చిన ఓడను చేతులారా ఎవడు పోగొట్టుకుంటాడు? వాడు పోగొట్టుకున్నాడు, కావాలనే.

మా ఆట గెలాగా. వాడు చెప్పింది అక్షరాలా నిజం.

కోతల రాయుడు అని పేరు పెట్టింది నేనే. స్వర్ణోత్సవానికి వాడూ వస్తున్నాడట.