డాలరు కెమెరా

కెమెరా కొనదలచిన విద్యార్థికి మొట్టమొదట ఒక చిక్కు ఎదురవుతుంది. దుకాణంలో పెట్టిన యంత్రాలలో ఎక్కువ మీటలు, ఎక్కువ అంకెలు ఉన్నదే మేలైనదని అతనికి తోస్తుంది. అయితే సామాన్య జనానికి, అందునా పిల్లలకు, మొట్టమొదట అందిన కెమెరాలో సరిచేయవలసిన అంకెలే లేవు. అది అట్టతో చేసిన పెట్టె. ధర ఒక్క డాలరు.

ఆ పెట్టె కథ ఒక బ్యాంకు గుమాస్తాతో మొదలవుతుంది. 1877లో అమెరికాలోని రోచెస్టరు నగరంలో జార్జి ఈస్ట్‌మన్ అనే 23 ఏండ్ల యువకుడు శాంటో డొమింగోకు ప్రయాణం తలపెట్టి, అక్కడి దృశ్యాల కోసం ఛాయాగ్రహణ సామగ్రి కొన్నాడు. ఆనాడు వాడుకలో ఉన్నది 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతి. గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీయాలి. ఆరకముందే దానిని రసాయనాలతో కడిగి స్ఫుటం చేయాలి. కాబట్టి కెమెరాతోపాటు ముక్కాలి పీట, గాజు పలకలు, సీసాలు, నీళ్లు, చీకటి గుడారం కూడా వెంట మోయవలసిందే. సిల్వర్ నైట్రేటు తగిలిన వ్రేళ్లు నల్లబడేవి. ఈస్ట్‌మన్ డబ్బిచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు గాని, ఆ ప్రయాణం మాత్రం చేయనేలేదు.

ఇండోరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ లాలా దీన్ దయాళ్ ఛాయాగ్రహణం చేపట్టినది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే, 1874లో. అనంతరం ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై హైదరాబాదుకు తరగని చిత్రసంపదను ఇచ్చిన ఆయన వృత్తిగా స్వీకరించి ఆ శ్రమకు ఓర్చుకున్నాడు. సెలవునాడు సరదాకు బొమ్మలు తీయదలచినవానికి అంత ఓపిక ఎక్కడిది?

జెలటిన్ పూసిన పొడి పలకలను 1871లో రిచర్డ్ మాడక్స్ సూచించాడు. ఈస్ట్‌మన్ రాత్రివేళ తల్లి వంటగదిలో ప్రయోగాలు చేసి, 1880 నాటికి వాటి తయారీకి పూనుకున్నాడు. తరువాత గాజుకు మారుగా చుట్ట చుట్టగల ఫిల్ము వచ్చింది. 1888లో వెలువడిన మొదటి కోడక్ కెమెరాలో నూరు బొమ్మలకు సరిపడే ఫిల్మును ముందే నింపి ఇచ్చేవారు. బొమ్మలన్నీ తీశాక కెమెరాను, 10 డాలర్లను రోచెస్టరుకు పంపితే తక్కిన పనులన్నీ అక్కడివారే చేసేవారు. కెమెరా ధర 25 డాలర్లు. గుడారం తప్పింది గాని ఖర్చు తప్పలేదు.

1900 ఫిబ్రవరిలో బ్రౌనీ వచ్చింది. రూపకల్పన ఫ్రాంక్ బ్రౌనెల్‌ది. పేరు మాత్రం పామర్ కాక్స్ బొమ్మల కథలలోని కొంటె మరుగుజ్జులది. అట్టపెట్టె, ముందు ఒక నెలవంక కటకం, వెనుక రెండుంపావు అంగుళాల చదరపు బొమ్మ. ఆరు బొమ్మల ఫిల్ము 15 సెంట్లు. ఏడు చుట్టలు కొంటే కెమెరా ధరను మించిపోతుంది. వ్యాపారి లాభం ఎక్కడున్నదో గ్రహించడం కష్టం కాదు.

దూరాన్నిబట్టి కటకాన్ని జరపకుండానే బొమ్మ ఎట్లా స్పష్టంగా పడుతుంది? కటకం గుండా పోయే కాంతి శంకువు ఆకారంలో కూడుతుంది. శంకువు కొన సరిగా ఫిల్ము మీద పడకపోతే చుక్కకు బదులు చిన్న వలయం ఏర్పడుతుంది. కాంతి ప్రవేశించే రంధ్రం చిన్నదైతే శంకువు సన్నబడి వలయమూ చిన్నదవుతుంది. కంటికి అది చుక్కగానే తోస్తుంది. అందుచేత కొద్ది గజాల దూరం నుండి కొండల వరకు అన్నీ సరిపడేంత స్పష్టంగా వస్తాయి. కాని చిన్న రంధ్రం కాంతిని కూడా తగ్గిస్తుంది. కనుక ఎండ ఉండాలి, సూర్యుడు వీపు వెనుక ఉండాలి, పరుగెత్తే పిల్లవాడిని ఒక్క క్షణం నిలబెట్టాలి.

పెట్టె వెనుక బొమ్మల సంఖ్య చూపే చిన్న ఎర్ర కిటికీ ఉండేది. ఆనాటి ఫిల్ముకు ఎరుపు కాంతి సోకినా నష్టం లేదు. అన్ని రంగులనూ గ్రహించే ఫిల్ము వాడుకలోకి వచ్చాక ఆ కిటికీని మూసి ఉంచవలసి వచ్చింది. పాత పెట్టెతో నేడు ప్రయోగం చేసేవారు ఈ సంగతి మరువరాదు.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ప్రయాణికులను రక్షించిన కార్పాథియా ఓడ మీద బెర్నిస్ పామర్ అనే 17 ఏండ్ల బాలిక చేతిలో బ్రౌనీ ఉన్నది. మంచుకొండను, ప్రాణాలతో బయటపడినవారిని ఆమె పగటి వెలుతురులో చిత్రించింది. గుడారమూ గాజు పలకలూ కావలసిన రోజులలో అయితే ఆ బొమ్మలు ఉండేవి కావు. 1916లో 14 ఏండ్ల ఆన్సెల్ ఆడమ్స్ యోసెమిటీ లోయలో బ్రౌనీతో మొదటి బొమ్మలు తీశాడు. మరుసటి సంవత్సరమే అంతకంటె మంచి కెమెరాతో, ముక్కాలి పీటతో అక్కడికి తిరిగివెళ్లాడు. తన రెండవ కెమెరాలో ఏమి ఉండాలో అతనికి ఆ పెట్టెయే నేర్పి ఉంటుంది.

ఎన్నికలో ఇంకొక అంశం ఉన్నది. కొనేవారు సాధారణంగా దానిని తలచరు. మొదటి బ్రౌనీకి వాడిన 117 రకం ఫిల్ము 1949లో ఆగిపోయింది. 1901లో రెండవ నంబరు బ్రౌనీతో వచ్చిన 120 రకం మాత్రం నేటికీ తయారవుతున్నది. మన దేశంలో ఎన్నో ఇళ్లలో మొదటి కెమెరా అయిన, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కూడా ఆ ఫిల్ముతోనే 12 చదరపు బొమ్మలు తీసేది. అటకమీద అట్టి పెట్టె ఏదైనా దొరికి, మూత ఆడుతూ, కటకానికి బూజు పట్టకుండా ఉంటే, ఈనాటికీ దానిలో ఫిల్ము వేసి బొమ్మ తీయవచ్చు.