ఇంట్లో డ్రై మార్టినీ: చల్లదనం లెక్క, నీళ్ళ లెక్క

ఆఫీసు డిన్నర్‌లో డ్రింక్స్ మెనూ చేతికి రాగానే మనవాళ్ళలో చాలామంది బీరో, స్కాచో చెప్పేసి మెనూ పక్కవారికి అందిస్తారు. మార్టినీ పేరు మాత్రం జేమ్స్ బాండ్ పుణ్యమా అని అందరికీ తెలుసు. అలవాటు లేనివారిని ఇందులోకి దింపడం నా ఉద్దేశం కాదు. అలవాటున్నవారు ఇంట్లో ఒక గ్లాసు సరిగ్గా ఎలా కలుపుకోవచ్చో, అందులో నిజంగా ఎంత మందు ఉంటుందో చెప్పడానికే ఈ వ్యాసం.

డ్రై మార్టినీలో ఉండేవి మూడే: జిన్, డ్రై వెర్మూత్, నీళ్ళు. మూడోది రెసిపీల్లో కనిపించదు. "ఐస్ వేసి కలపండి" అన్న మాటలో దాక్కుని ఉంటుంది. రుచి చెడినా బాగుపడినా ఎక్కువగా అక్కడే.

ముందు జిన్ సంగతి. స్పిరిట్‌ని జునిపర్ కాయలతో, ఇతర దినుసులతో మళ్ళీ డిస్టిల్ చేస్తే వచ్చేదే జిన్. టాంకరే జిన్‌లో వాడేవి నాలుగు: జునిపర్, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం. అవును, మన చారుపొడిలో పడే ధనియాలే! చాలా లండన్ డ్రై జిన్‌లలో అవి ఉంటాయి. జిన్‌లో తగిలే నిమ్మలాంటి వాసనలో కొంత వాటిదే.

వెర్మూత్ అంటే మూలికలు నానబెట్టి, కాస్త స్పిరిట్ చేర్చిన వైన్. ఆల్కహాల్ సుమారు 18 శాతం. వైన్ కాబట్టి మూత తీశాక గాలి తగిలి పాడవుతుంది. విస్కీ సీసాల పక్కన అల్మారాలో ఏడాదిగా ఉన్న వెర్మూత్ పోసి "మార్టినీ నాకు పడదు" అనుకునేవారు ఎందరో. చిన్న సీసా కొని, ఫ్రిజ్‌లో పెట్టి, నెలా రెండు నెలల్లో వాడేయండి. నాయీ ప్రా, డోలాన్ రెండూ మంచివే. అన్నట్టు, మార్టినీ పేరుతోనే ఇటలీ వెర్మూత్ బ్రాండు ఒకటుంది. ఆ సీసాలో ఉన్నది కాక్‌టెయిల్ కాదు.

కలిపే పద్ధతి తేలికే. గ్లాసుని ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. గాజు జగ్గులో 60 మిల్లీలీటర్ల జిన్, అంటే మనవాళ్ళ లార్జ్ పెగ్గు, 15 మిల్లీలీటర్ల వెర్మూత్ పోసి, పెద్ద ఐస్ ముక్కలతో నింపి, పొడుగు కాడ స్పూనుతో అర నిమిషం పైగా తిప్పండి. తర్వాత టీ వడకట్టే జాలీతో వడకట్టుకోవచ్చు. బాండ్ లాగా షేక్ చేస్తే గాలి బుడగలు, మంచు రవ్వలు చేరి డ్రింక్ మసకబారుతుంది, నీళ్ళూ ఎక్కువవుతాయి.

ఎం.ఎస్. మెకానికల్‌లో చేసి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన అనేకమందిలో నేనొకణ్ణి, కాబట్టి కాస్త లెక్క భరించండి. ఈ 75 మిల్లీలీటర్ల మిశ్రమం బరువు సుమారు 70 గ్రాములు. దాని విశిష్టోష్ణం 0.85 అనుకుంటే, 22 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 3కి దించడానికి దాదాపు 1,490 కెలోరీలు లాగెయ్యాలి. ఒక గ్రాము మంచు కరుగుతూ 80 కెలోరీలు పీల్చుకుంటుంది. అంటే 18, 19 గ్రాముల మంచు కరగాలి. డ్రింక్ 94 మిల్లీలీటర్లకు చేరుతుంది. చల్లదనం కావాలంటే ఆ నీళ్ళు కలవాల్సిందే, రెండూ ఒకే లెక్క. జిన్‌ని ఫ్రీజర్‌లో పెట్టి వాడేవారికి మంచు పెద్దగా కరగదు, డ్రింక్ ఘాటుగా గొంతు పట్టుకుంటుంది. వారు ఒకటిన్నర చెంచాల చల్లటి నీళ్ళు (20 మిల్లీలీటర్లు) విడిగా పోసుకోవడం మేలు. ఇక్కడ చెంచా అంటే టేబుల్ స్పూను.

ఇక అసలు జాగ్రత్త. అమెరికాలో దొరికే టాంకరే 47.3 శాతం. పై కొలతలో శుద్ధ ఆల్కహాల్ 31 మిల్లీలీటర్లు వస్తుంది. ఇక్కడి లెక్కలో 5 శాతం బీరు 12 ఔన్సులు ఒక స్టాండర్డ్ డ్రింక్. ఆ లెక్కన ఈ చిన్న గ్లాసు ఒకటీ ముప్పావు బీర్లు, రెండు గ్లాసులు మూడున్నర. చల్లగా ఉండటంతో ఆ బలం నాలుకకు తెలియదు. డ్రైవింగ్‌కి రక్తంలో ఆల్కహాల్ హద్దు యూటాలో 0.05 శాతం, తక్కిన రాష్ట్రాల్లో 0.08. పాట్‌లక్‌కి వచ్చిన వాళ్ళకి పోసే ముందు, తిరిగి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ ఎవరిదో అడగండి. "ఒక్కటేగా, ఏం కాదులే అన్నయ్యా" అనే మాట దీనికి వర్తించదు.

తాగేటప్పుడు మొదటి గుక్కలో చలి, జునిపర్ తప్ప ఇంకేం తెలియవు. ఐదు నిమిషాలకు కాస్త వేడెక్కాక ధనియాలు, వెర్మూత్ మూలికలు బయటపడతాయి. నాకు అప్పుడే బాగుంటుంది. నిమ్మ తొక్కను గ్లాసు మీద మెలిపెట్టి పిండితే దాని నూనె పైన తేలి వాసన నిలబడుతుంది. ఉప్పదనం ఇష్టమైతే ఆలివ్ వెయ్యండి. నంజుకోడానికి వేయించిన జీడిపప్పు చాలు. మిరపకాయ బజ్జీలు మాత్రం వద్దు, కారానికి స్పిరిట్ మంట తోడై మరేదీ తెలియదు. గ్లాసు 150 మిల్లీలీటర్లది సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే సగం ఖాళీగా కనిపించి ఇంకాస్త పొయ్యబుద్ధేస్తుంది.